ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ గైడ్ కొన్నా: రాతకి డబ్బులివ్వొచ్చు, మార్కులకి వద్దు. 5కి 3 స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు షేపు బంతి పట్టుకుని హెల్మెట్లేసుకుని గుద్దుకుంటారే, ఆ అమెరికన్ ఫుట్‌బాల్, దాని ప్రొఫెషనల్ లీగే ఎన్ఎఫ్ఎల్. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్, అంటే టీములు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే తంతు, ఉంటుంది కదా, దానికి ముందు కాలేజీ కుర్రాళ్ళందరి మీదా రిపోర్టులు రాసి పీడీఎఫ్‌గా అమ్ముతారు, నేను రివ్యూ చేస్తున్నది అలాంటి ఒక గైడ్‌ని. పేరు రాయట్లేదు, ఎందుకంటే రీఫండ్ గొడవ ఇంకా తేలలేదు, అదీకాక ఈ గైడ్లన్నీ కాస్త అటూ ఇటూగా ఒకే పోతలో పోసినట్టు ఉంటాయి కాబట్టి మీరు వేరేది కొన్నా ఇందులో సగం పనికొస్తుంది.

నేను ఉండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. హనుమాన్ గుడీ ఇక్కడే, డాలస్ ఎన్ఎఫ్ఎల్ టీమ్ కౌబాయ్స్ హెడ్డాఫీసూ ఇక్కడే, కాబట్టి ఏ భక్తి అయినా తప్పించుకునే దారి లేదు. మొదట్లో ఆఫీసులో లంచ్‌లో మాట కలపడానికి చూడటం మొదలెట్టా, ఇప్పుడు మా ఆవిడ దృష్టిలో అది జబ్బు. సీజన్‌లో మ్యాచ్‌లు చూస్తే పర్లేదు, ఆట లేని మార్చి నెలలో అలబామా యూనివర్సిటీ గార్డ్ (లైన్‌లో ఎదుటోళ్ళని అడ్డుకునేవాడు) గురించి చదువుతూ కూర్చుంటే జబ్బు కాక ఏమంటారు అంటుంది. న్యాయమే.

తెలీని వాళ్ళకి డ్రాఫ్ట్ గురించి రెండు ముక్కల్లో. ఐపీఎల్ ఆక్షన్ లాంటిది కానీ డబ్బు పాట ఉండదు, వరస ఉంటుంది. పోయినేడాది అందరికంటే చెత్తగా ఆడిన టీమ్ ముందు ఎంచుకుంటుంది, సూపర్‌బౌల్ (అంటే ఫైనల్) గెలిచినోడు చివర్లో. 32 టీములు, 7 రౌండ్లు, 3 రోజులు. 2025లో మొత్తం 257 మందిని తీసుకున్నారు. ఎన్నో నంబర్‌లో (దాన్నే పిక్ అంటారు) ఎంచుకున్నారో దాన్ని బట్టే జీతం దాదాపు ఫిక్స్ అయిపోతుంది, 2011 నుంచి ఆ రూలు. అంటే కావ్య మారన్ గారిలా ప్యాడిల్ ఎత్తుతూనే ఉంటే కుదరదు, మన వంతు వచ్చేదాకా ఆగాలి, మనకి కావాల్సినోడిని ముందున్నోడు ఎత్తుకుపోతే నోరు మూసుకోవాలి.

సరే ప్రొడక్ట్. పీడీఎఫ్ ఒక్కటే అయితే 25 డాలర్లు, వెబ్‌సైట్, యాప్, ఉత్తుత్తి డ్రాఫ్ట్ ఆడుకునే మాక్ డ్రాఫ్ట్ సిమ్యులేటర్ కలిపి ఏడాదికి 80. నేను తెలివైనోడిని కాబట్టి 80ది తీసుకున్నా. నాలుగు వందల మంది కుర్రాళ్ళు, పై వంద మందికి ఒక్కొక్కరికి ఫుల్ పేజీ, తర్వాతోళ్ళకి అరపేజీ, చివర్లో రెండేసి లైన్లు. ఎత్తు, బరువు, చేతి పొడవు, అరచేతి సైజు, 40 గజాల పరుగు, జంప్‌లు, కాలేజీ రికార్డు, గాయాలు, కుటుంబం గురించి ఒక పేరా, ఆ తర్వాత అసలు సరుకు, అంటే వీడియోలు చూసి రాసిన బలాలు, బలహీనతలు.

ఈ అసలు సరుకు మాత్రం బావుంది, చాలా బావుంది. నాలాగా టీవీలో బంతి ఎటు పోతే అటు కళ్ళు తిప్పేవాడికి లైన్‌లో కుస్తీ పట్టే లావుపాటి వాళ్ళు ఏం చేస్తారో ఇరవై ఏళ్ళు చూసినా అర్థం కాదు, ఇది చదివాక మొదటిసారి ఒక గార్డ్ అడుగులు చూడటం అలవాటైంది. అలబామా గార్డ్ టైలర్ బుకర్ సంగతే తీసుకోండి. కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు పెట్టే కొలతలు, పరుగుల పరీక్ష) 40 గజాలు 5.38 సెకన్లలో పరిగెత్తాడు, స్కోరు చూసి ఇక్కడ మా వాట్సాప్ గ్రూపులో అందరూ నవ్వారు, ఎడ్లబండి అని ఎమోజీలు. గైడ్‌లో మాత్రం గార్డ్‌కి 40 గజాలు పరిగెత్తే పని మ్యాచ్ మొత్తంలో ఎన్నిసార్లు వస్తుందో లెక్కేసుకోమని, వాడి పనంతా మొదటి మూడు గజాల్లోనే ఉందని, ఎదుటోడు మీదకొచ్చినప్పుడు నడుము విరగకుండా నిలబడతాడా లేదా అదే చూడమని రాశాడు. 2025 ఏప్రిల్ 24 రాత్రి కౌబాయ్స్ 12వ పిక్‌తో అతన్నే తీసుకున్నారు. గ్రూపులో బూతులు. నేనొక్కడినే పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టా, 25 డాలర్లు అక్కడే వసూలైపోయాయి అనుకోండి.

ఇంకో మంచి విషయం, భాష. చాలామంది రాసే రిపోర్టులు మన పెళ్ళి బయోడేటాల్లా ఉంటాయి, "హై మోటర్" అంటే టాలెంట్ లేదు కానీ కష్టపడతాడు అని, "రా" అంటే ఇంకా ఆడటం రాదు అని, "సీలింగ్ చాలా ఎక్కువ" అంటే ఇప్పటికైతే ఏమీ లేదు అని, అబ్బాయి సాఫ్ట్‌వేర్, త్వరలో అమెరికా అన్నట్టు. ఈ గైడ్ రాసినాయన ఆ పదాలు వాడతాడు కానీ పక్కనే ఏ మ్యాచ్, ఏ క్వార్టర్‌లో అది కనిపించిందో చెప్తాడు, వెళ్ళి చూసుకోవచ్చు. నేను ఒక పదిమందికి వెళ్ళి చూసుకున్నా కూడా. రెండు చోట్ల నాకేం కనపడలేదు, ఎనిమిది చోట్ల ఆయన చెప్పిందే నిజం.

ఇక కంబైన్ కథ. ఇండియానాపోలిస్‌లో 1987 నుంచి జరుగుతోంది, మూడొందల మందికి పైగా కుర్రాళ్ళని పిలిచి కొలతలు తీసి పరుగులు పెట్టిస్తారు, 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తుతారో లెక్కపెడతారు. ఆ టైమ్‌కి మా మావయ్యగారు వచ్చి ఉన్నారు ఒంగోలు దగ్గర నుంచి. టీవీలో చొక్కాలిప్పి బరువులు చూసుకుంటుంటే కాసేపు చూసి, "ఏం అల్లుడుగారూ, ఎడ్ల సంతలా ఉందేంటి ఇది" అన్నారు. ఆయనకి తెలీదు గానీ ఇక్కడ ఆ మాట అంటే చాలా బరువైన మాట, ఆ కుర్రాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి వాళ్ళు, ఒకప్పటి బానిసల వేలంలా ఉందని ఇక్కడివాళ్ళే విమర్శించారు, టీమ్ ఓనర్లలో ఎంతమంది తెల్లవాళ్ళో కూడా అందరికీ తెలిసిందే. ఆ సంగతి చెప్తే ఆయన కాస్త ఇబ్బందిపడి టీవీ సౌండ్ తగ్గించారు, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. గైడ్‌లో కూడా ఈ సంగతి ఎక్కడా లేదు, ఒక పేరా అయినా ఉండాల్సింది అని నా అభిప్రాయం, నాలుగు వందల మంది ఒంటి కొలతలు అమ్ముకుంటున్నప్పుడు.

కానీ ఆయన తర్వాత ఒకటన్నారు, అది నాకు గైడ్ కంటే ఎక్కువ పనికొచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో ఎడ్లు కొనడానికి వెళ్తే పళ్ళు, గిట్టలు, నడక చూడటం ఒక ఎత్తు, సుడి చూడటం ఒక ఎత్తు అట. పళ్ళు చూస్తే వయసు తెలుస్తుంది, నడక చూస్తే బలం తెలుస్తుంది, సుడి చూస్తే ఏం తెలుస్తుంది? ఏమీ తెలీదు, కానీ సుడి బాలేదని బేరం మాత్రం తగ్గించొచ్చు. ఇప్పుడు నేను ప్రతి కొలతకీ అదే అడుగుతున్నా, ఇది పళ్ళా, సుడా?

అరచేతి సైజు నా లెక్కలో సుడి. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) జో బరో చేయి 9 అంగుళాలు అని 2020లో గోల చేస్తే ఆయనే రిటైర్ అయిపోతానేమో అని ట్విట్టర్‌లో జోక్ చేశాడు, తర్వాత రెండో సీజన్‌కే సిన్సినాటిని సూపర్‌బౌల్‌కి తీసుకెళ్ళాడు. ఇంకో క్వార్టర్‌బ్యాక్ కెనీ పికెట్‌ది ఎనిమిదిన్నర, 2022లో పిట్స్‌బర్గ్ 20వ పిక్‌తో తీసుకుని రెండేళ్ళకే వదిలించుకుంది, సుడి నమ్మేవాళ్ళు చూశారా అంటారు, అతని సమస్య చేయి కాదు బాబూ. ఇక టాకిల్ (లైన్‌లో గార్డ్ పక్కన, చివర ఆడేవాడు) విల్ క్యాంప్‌బెల్ చేతి పొడవు. కంబైన్‌లో 32 అంగుళాల మీద 5/8, తర్వాత అతని కాలేజీ ఎల్ఎస్‌యూలో కొలిస్తే 33, టాకిల్‌కి 33 ఉండాలని ఒక నమ్మకం, ఆ మూడు ఎనిమిదో వంతుల కోసం నెలంతా చర్చ, చివరికి న్యూ ఇంగ్లండ్ 4వ పిక్‌తో తీసుకుంది. మా కౌబాయ్స్ జాక్ మార్టిన్‌కి కూడా 33 లేవు, అందుకే గార్డ్‌గా ఆడించారు, పదకొండు సీజన్లు లీగ్‌లోనే బెస్ట్ గార్డ్‌లలో ఒకడు. 2014లో కౌబాయ్స్ ఓనర్ జెర్రీ జోన్స్ అతని బదులు క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జీల్‌ని తీసుకుందామని పట్టుబడితే కొడుకూ మిగతావాళ్ళూ ఆపారట, ఆ రోజు ఇంట్లో మాట విన్నందుకు మాకు పదకొండేళ్ళు కలిసొచ్చింది.

ఈ కొలతల విషయంలో గైడ్‌కి మైనస్. కొత్త కొలత వచ్చాక యాప్‌లో మారడానికి పదకొండు రోజులు పట్టింది, పీడీఎఫ్‌లో అయితే మారనే లేదు. 80 డాలర్లు తీసుకున్నది అందుకే కదరా.

ఇప్పుడు అసలు కోపం, మార్కులు. ప్రతి కుర్రాడికీ వందకి ఒక గ్రేడు, అదీ దశాంశంతో. 87.4 అట, ఇంకోడికి 87.1 అట. ఆ 0.3 ఎక్కడ్నుంచి వచ్చిందో ఎక్కడా చెప్పడు. మన ఇంటర్ మార్కుల గోల ఇక్కడికొచ్చినా వదల్లేదు. ట్రావిస్ హంటర్ కాలేజీలో రిసీవర్‌గానూ (బంతి పట్టేవాడు) ఆడాడు, కార్నర్‌గానూ (రిసీవర్‌ని ఆపేవాడు) ఆడాడు, 2024లో కాలేజీ బెస్ట్ ఆటగాడికిచ్చే హైస్‌మన్ అవార్డు అతనిదే, అతన్ని రెండు చోట్ల పెట్టి రెండు గ్రేడులు ఇచ్చారు, రెండూ కలిపి ఒక మనిషి విలువ ఎంత అన్న అసలు ప్రశ్నకి మాత్రం సమాధానం లేదు. అందరూ తేలక బుర్ర పట్టుకున్నది ఆ ఒక్క ప్రశ్న దగ్గరే.

నా దగ్గర ఇదే గైడ్ 2022, 2023 పీడీఎఫ్‌లు కూడా ఉన్నాయి, ఒక ఫ్రెండ్ ఫార్వర్డ్ చేసినవి, దొంగ కాపీలే, ఒప్పుకుంటున్నా. కూర్చుని తిరగేశా. క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ, 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరి పిక్, 262వ వాడు, రెండో సీజన్‌లో సూపర్‌బౌల్ ఆడాడు. రిసీవర్ పుకా నకువా, 2023లో ఐదో రౌండ్, 177వ పిక్, మొదటి ఏడాదే 105 క్యాచ్‌లు, 1,486 గజాలు, అప్పటికి కొత్త కుర్రాళ్ళలో రికార్డు. ఇద్దరికీ గైడ్‌లో మార్కులు దరిద్రంగా ఉన్నాయి, ఊహించిందే. తమాషా ఏంటంటే రాసిన మాటలు తప్పు కావు. పర్డీకి చేతిలో బలం తక్కువ కానీ బంతి త్వరగా వదుల్తాడు, ఎవరు ఎక్కడున్నారో తెలుసు అని ఉంది. అదే కదా తర్వాత ఆడింది! మాట కరెక్ట్, ఆ మాటని అంకె చేసేటప్పుడు తప్పింది. నా రివ్యూ మొత్తం ఈ ఒక్క ముక్కే నిజానికి, మిగతాదంతా నా సొద.

అంకెల వైపు కూడా న్యాయంగా ఒకటి చెప్పాలి. ఈ కంప్యూటర్‌తో కుర్రాళ్ళని లెక్కగట్టే పద్ధతి ఎక్కడ మొదలైందో తెలుసా, ఇదే కౌబాయ్స్‌లో, 1960ల్లో, అది తయారుచేసినాయన మన ఇండియా ఆయనే. సలామ్ ఖురేషి, ఐబీఎమ్ వాళ్ళ స్టాటిస్టీషియన్, అలీగఢ్‌లో చదువుకున్నాడు, మొదలెట్టేనాటికి ఆయనకి ఈ ఆట గురించి ఏమీ తెలీదు. కౌబాయ్స్ జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్ ఆయన్ని పట్టుకొచ్చాడు. స్కౌట్లు (కుర్రాళ్ళ ఆట చూసి రిపోర్టులు రాసేవాళ్ళు) వాడే మాటల్ని ఆయన ముందు కుదించాడు, ఒకే గుణానికి పదిమంది పది పేర్లు పెడుతుంటే అందరూ ఒకే మాట వాడేలా చేసి, అప్పుడు అంకెలేశాడు. అంటే ముందు మాట, తర్వాత అంకె. ఇప్పటి గైడ్లు ఆ మొదటి సగం ఎగ్గొడుతున్నాయి. హెచ్1బీ లేని రోజుల్లోనే డాలస్ టీమ్‌కి మనోడు ఒకడు డేటా అనలిస్ట్ పని చేసేశాడన్నమాట, ఈ ముక్క మావయ్యగారికి చెప్తే డ్రాఫ్ట్ మీద ఆయనకి మొదటిసారి గౌరవం కలిగింది.

గైడ్ చేతిలో లేనివీ ఉన్నాయి, అందుకు తిట్టను. క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్‌ని ఈ గైడ్ ఫస్ట్ రౌండ్‌లో పెట్టింది, చాలామంది అలాగే పెట్టారు, అతను ఐదో రౌండ్‌లో 144 దాకా జారి క్లీవ్‌లాండ్‌కి వెళ్ళాడు, అదీ వాళ్ళు మూడో రౌండ్‌లోనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నాక. టీములు కంబైన్‌లో ఒక్కొక్కడినీ గదిలో కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేస్తాయి, ముప్పై మంది దాకా తమ ఆఫీసుకి పిలిపించుకుని చూసుకుంటాయి, డాక్టర్లు మోకాళ్ళు నొక్కి చూస్తారు, ఇవేవీ బయటోడికి తెలీవు. 2016లో జేలన్ స్మిత్ మోకాలు కాలేజీ ఆఖరి మ్యాచ్‌లో పోయింది, అందరూ భయపడి వదిలేస్తే కౌబాయ్స్ రెండో రౌండ్‌లో తీసుకున్నారు, ఎందుకంటే ఆ ఆపరేషన్ చేసింది వీళ్ళ టీమ్ డాక్టరే. ఏడాది కూర్చోబెట్టారు, 2019లో ప్రోబౌల్‌కి (లీగ్‌లో మేటి ఆటగాళ్ళకి దక్కే గౌరవం) వెళ్ళాడు. ఇలాంటిది 25 డాలర్ల పీడీఎఫ్‌లో ఎలా దొరుకుతుంది.

అలాగని లోపలి సమాచారం ఉన్నోళ్ళు మాత్రం పొడిచేశారా? అదే 2016లో కౌబాయ్స్‌కి క్వార్టర్‌బ్యాక్ కావాలి, ముందు పాక్స్‌టన్ లించ్ కోసం పైకి ఎగబాకాలని చూశారు, డెన్వర్ తన్నుకుపోయింది. తర్వాత కానర్ కుక్ అనుకున్నారు, రైడర్స్ వీళ్ళ ముందు దూరారు. గతిలేక నాలుగో రౌండ్‌లో 135తో డాక్ ప్రెస్కాట్‌ని తీసుకున్నారు, తర్వాత ఏళ్ళ తరబడి మా క్వార్టర్‌బ్యాక్ అతనే. మొదటి ఇద్దరూ ఇప్పుడు ఎక్కడున్నారో నన్నడక్కండి. కొన్నిసార్లు బస్సు మిస్సవడం కూడా స్కౌటింగే.

2025 నంబర్ వన్ క్యామ్ వార్డ్ పేజీ అయితే రెండుసార్లు చదివా. మన టెక్సాస్ కుర్రాడే, స్కూల్లో పెద్దగా బంతి విసరనివ్వని టీమ్‌లో ఆడితే పెద్ద యూనివర్సిటీలేవీ పట్టించుకోలేదు, శాన్ ఆంటోనియోలో ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీలో మొదలెట్టి, వాషింగ్టన్ స్టేట్, అక్కడ్నుంచి మయామి, చివరికి టెన్నెసీ మొదటి పిక్. 17 ఏళ్ళప్పుడు అతనికి ఎవరైనా మార్కులేసి ఉంటే ఎంతొచ్చేవో.

సిమ్యులేటర్ గురించి తొందరగా చెప్పేస్తా, దండగ. ట్రేడ్‌లకి (టీములు పిక్‌లు మార్చుకోవడానికి) జిమ్మీ జాన్సన్ కౌబాయ్స్ కోచ్‌గా ఉన్నప్పటి పాయింట్ల పట్టిక లాంటిదే వాడతారు, 1వ పిక్‌కి 3,000, 12కి 1,200, 32కి 590, అలా. బాగానే ఉంది కానీ ఎదుటి టీములు కూడా పట్టిక ఒప్పుకుంటే చాలు కళ్ళు మూసుకుని ఓకే అంటాయి, నేను ఒక రాత్రి ఆరు ఫస్ట్ రౌండ్ పిక్‌లు కొట్టేశా, కౌబాయ్స్‌కి అంత సీన్ లేదు. నిజం డ్రాఫ్ట్‌లో జాక్సన్‌విల్ హంటర్ కోసం తమ 5వ పిక్, రెండో రౌండ్ పిక్, పై ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్ కూడా ఇచ్చి 2కి ఎక్కింది, ఇది నా సిమ్యులేటర్‌లో వందసార్లు ఆడినా ఒక్కసారీ రాలేదు. డ్రాఫ్ట్ రాత్రి యాప్ మూడో పిక్‌కే హ్యాంగ్ అయిపోయింది, శనివారం మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. అప్పటికి డ్రాఫ్ట్ ఆఖరి రోజు.

సర్వీస్ సంగతి. ఆటో రిన్యువల్ ఉందని చిన్న అక్షరాల్లో రాశారు, చూసుకోకపోవడం నా తప్పే, కానీ క్యాన్సిల్ బటన్ యాప్‌లో లేదు, వెబ్‌సైట్‌లోనే ఉంది, అదీ లాగిన్ చేసి అకౌంట్‌లోకి వెళ్ళి బిల్లింగ్‌లో కింద దాకా స్క్రోల్ చేస్తే. ఈమెయిల్ పెడితే నాలుగు రోజులకి "మీ అభిమానానికి ధన్యవాదాలు" అని వచ్చింది. నేను అభిమానం అడగలేదు, 80 డాలర్లు అడిగా.

కాబట్టి కొనాలంటే పీడీఎఫ్ ఒక్కటే కొనండి, ఫిబ్రవరి దాటాక కొనండి అప్పటికి కంబైన్ కొలతలు వచ్చేస్తాయి, గ్రేడ్ ఉన్న మూలని స్టిక్కర్‌తో మూసేసి చదవండి, నిజంగా చెప్తున్నా నేను అలాగే చదువుతున్నా. ఫాంటసీ లీగ్ కోసమైతే అసలు కొనద్దు, అందులో చాలామంది లైన్‌లో ఆడేవాళ్ళే, మీకు పాయింట్లు రావు.

మావయ్యగారు మొన్న ఫోన్ చేసి ఆ లావు అబ్బాయి ఎలా ఆడుతున్నాడు, నిలబడ్డాడా అని అడిగారు. ఏ లావు అబ్బాయి అన్నా. 5.38 అన్నారు. పేరు గుర్తులేదు, టైమ్ గుర్తుంది.